పచ్చ వంశవృక్షం

హైదరాబాద్ పాతబస్తీలోని ఉప్పుగూడ స్టేషన్ నుంచి రైలు కదలాలంటే ఊపేది పచ్చజెండా. ఎన్నికలు వస్తే ఆంధ్ర ఊళ్లలో మిద్దెల మీద ఎగిరే తెలుగుదేశం జెండా కూడా పచ్చజెండాయే. మొదటిది ఆకు రంగు, రెండోది పసుపు రంగు. ఒకే మాట వాడతాం, ఎవరికీ తికమక లేదు. గడ్డి పచ్చ, కామెర్లూ పచ్చే. నవరత్నాల్లో పచ్చ అంటే మరకతం. ఇక పొయ్యి ఎక్కని పులుసు పచ్చిపులుసు, కాచని పాలు పచ్చిపాలు, నిన్నగాక మొన్న పుట్టిన బిడ్డ పసికందు. వంటింట్లో పసుపు, కావ్యాల్లో పసిడి. వీటన్నిటి వెనకా ఒకే ధాతువు ఉంది.

ఆ ధాతువు మొదటి రూపం ఏమిటి? మొదటి అర్థం రంగా, మరొకటా? దాని సంతానం ఏయే భాషల్లో ఏమైంది? తులనాత్మక భాషాశాస్త్రం ఈ ప్రశ్నల్లో కొన్నింటికి గట్టి జవాబులిచ్చింది, కొన్నింటిని సగంలో వదిలింది. ఆ రెండు ఖాతాలనూ ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని. తూకం కోసం ఐరోపా నుంచి ఒక తోడు తెచ్చుకుందాం. రష్యన్, పోలిష్, చెక్, సెర్బియన్, బల్గేరియన్ భాషలకు మూలమైన ఆది స్లావిక్‌లో ‘ఆకుపచ్చని’ అనే అర్థంతో *జెలెను అనే విశేషణాన్ని పండితులు పునర్నిర్మించారు. దాని కథ మన పచ్చ కథకు చాలా దగ్గరగా నడిచి, ఒక మలుపు దగ్గర విడిపోతుంది. మన ప్రశ్నకు జవాబు ఆ మలుపు దగ్గరే దొరుకుతుంది.

నక్షత్రం గుర్తు చెప్పే సంగతి

మాట ముందు నక్షత్రం గుర్తు పెడితే అర్థం ఒకటే: ఈ రూపం ఏ శాసనంలోనూ ఏ తాళపత్రంలోనూ దొరకలేదు, పిల్లభాషల్ని పోల్చి తేల్చుకున్నాం అని. 19వ శతాబ్దంలో జర్మన్ పండితుడు ఆగస్ట్ ష్లైషర్ ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చాడు.

పద్ధతి ఎలా పనిచేస్తుందో ఉప్పుగూడ పేరులోని మొదటి మాటతోనే చూపవచ్చు. తెలుగులో ఉప్పు, తమిళంలో ఉప్పు, మలయాళంలో ఉప్పు, కన్నడంలో, తుళులో కూడా ఉప్పే. ఇన్ని భాషలు ఒక్క గొంతుతో చెబుతుంటే మూలరూపం ఉప్పు కాక మరేమవుతుందనిపిస్తుంది. ఆదిలాబాద్ అడవుల వైపు వెళితే లెక్క తప్పుతుంది. కొలామీలో అది సుప్. బస్తర్‌లోని పర్జీలో చుప్. గోండీలో మాండలికాన్ని బట్టి సొవర్, హొవర్, ఒవర్ అనే రూపాలున్నాయి. అంటే మూలంలో మాట మొదట చకారం ఉంది. అది సకారమై, హకారమై, చివరికి రాలిపోయింది. మూలరూపం *చుప్. తెలుగు, తమిళం రాలిపోయిన దశను చూపిస్తున్నాయి. గోండీలో మాత్రం మూడు దశలూ పక్కపక్కనే బతికున్నాయి. ఈ మార్పు గోండీలో ఒక్కో మాటలో ఒక్కో వేగంతో ఎలా పాకుతోందో 1998లో భద్రిరాజు కృష్ణమూర్తి ఒక పరిశోధన వ్యాసంలో లెక్కకట్టి చూపించారు. ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖను తీర్చిదిద్ది, 1986 నుంచి 1993 వరకు హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన కృష్ణమూర్తి 2012లో కన్నుమూసేదాకా ఈ ఊళ్లోనే ఉండి ద్రావిడ భాషల చరిత్ర రాశారు.

ఇందులోంచి రెండు నియమాలు తేలతాయి. ఒకటి, సాహిత్యమున్న పెద్ద భాషలన్నీ ఏకమైనా తీర్పు అక్కడితో అయిపోదు, లిపి లేని చిన్న భాష ఒక్కటి దాన్ని తిరగరాయగలదు. రెండు, మాటలు ఒకేలా వినిపించడం చుట్టరికానికి రుజువు కాదు. తేడా ఒక వరసలో, ఒక నియమం ప్రకారం ఉంటే అదీ రుజువు. స్లావ్ భాషల్లో ‘బంగారం’ అనే మాట చూడండి. రష్యన్‌లో జోలొతో, పోలిష్‌లో జ్వోతో, చెక్, సెర్బియన్, బల్గేరియన్లలో జ్లతో. మూలం *జోల్తో. హల్లుకు ముందున్న ‘ఓల్’ తూర్పున మధ్యలో అచ్చు చేర్చుకుంది, పడమరా దక్షిణాలా అచ్చూ లకారమూ తావులు మార్చుకున్నాయి. ఒక్క బంగారంలోనే జరిగితే కాకతాళీయం అనవచ్చు. ఇదే అమరిక ఉన్న మాటలన్నిటిలోనూ జరిగింది కాబట్టి అది నియమం.

స్లావ్ ఇంట *జెలెను

*జెలెనులోని జకారాన్ని మన జడ, జల్లుల్లోని జకారంలా పలకాలి. చివరి ఉకారం చాలా పొట్టిది, తర్వాతి కాలంలో రాలిపోయింది. సంతానం ఇది: రష్యన్ జెల్యోనీ, పోలిష్ జెలొనీ, చెక్ జెలెనీ, సెర్బియన్, బల్గేరియన్ జెలెన్. ఇంత పోలిక మిగలడానికి కారణం కాలం. స్లావ్ తెగలు విస్తారంగా చెదిరింది 6, 7 శతాబ్దాల్లో. 863లో సిరిల్, మెథోడియస్ అనే అన్నదమ్ములు మొరావియాకు వెళ్లి స్లావ్ భాషలో క్రైస్తవ గ్రంథాలు రాయడం మొదలుపెట్టారు. మనకు మిగిలిన రాతప్రతులు 10, 11 శతాబ్దాలవి. అంటే మూలభాష చీలిన కొద్ది శతాబ్దాలకే రాత దొరుకుతోంది. నక్షత్రం గుర్తున్న రూపానికీ రాతలో ఉన్న రూపానికీ మధ్య దూరం తక్కువ.

ఆ ధాతువు సంతానం ఆకు రంగుతో ఆగలేదు. *జెల్యె అంటే ఆకుకూర, మూలిక. దాని నుంచి వచ్చిన జెలీ చెక్‌లో క్యాబేజీ, రష్యన్‌లో జెల్యె మందు కషాయం. *జోల్తో బంగారం. పోలండ్ నాణెం జ్లోటీ పేరుకు అర్థం ‘బంగారుది’ అనే. పసుపు రంగుకు *ఝిల్తు అనే వేరే విశేషణం ఉంది: రష్యన్ ఝోల్తీ, పోలిష్ ఝూవ్తీ, చెక్ ఝ్లుతీ, సెర్బియన్ ఝూత్. పైత్యరసానికి పేరు కూడా దీనికి చుట్టమే.

ఇక్కడే స్లావ్ పండితులకు ఒక చిక్కుముడి ఉంది. ఆకుపచ్చలో జ, పసుపులో ఝ ఎందుకు? ఇండో యూరోపియన్ మూలభాషలోని కంఠ్య ధ్వనుల్లో రెండు రకాలు ఇక్కడ ముఖ్యం. ఒకదాని నుంచి స్లావ్‌లో జ వస్తుంది. రెండోది గకారమై, ఇకార ఎకారాల ముందు ఝకారంగా మారుతుంది. ఒకే ధాతువు ఈ రెండు దారుల్లోనూ నడవకూడదు. పక్కింటి లిథువేనియన్‌లోనూ ఇదే జంట: ఆకుపచ్చ ఝాలియస్, పసుపు గెల్తోనస్. ఒకే ధాతువుకు రెండు ఉచ్చారణలుండేవని కొందరు, పొరుగు మాండలికం నుంచి ఒక రూపం అరువొచ్చిందని కొందరు వాదిస్తారు. మాక్స్ ఫాస్మర్ 1950ల్లో వేసిన రష్యన్ వ్యుత్పత్తి నిఘంటువు, 1974 నుంచి మాస్కోలో ఒలెగ్ త్రుబచోవ్ ఆధ్వర్యంలో సంపుటాలుగా వెలువడిన స్లావ్ వ్యుత్పత్తి కోశం ఉన్నాక కూడా ఈ ముడి పూర్తిగా విడలేదు.

ఈ ధాతువు బంధువర్గం పాతబస్తీ దాకా వచ్చింది. సంస్కృతంలో స్లావ్ జకారానికి సాటి హకారం. హరి అంటే పసుపు, కపిల, ఆకుపచ్చ మూడూ. హరితం ఆకుపచ్చ, హరితాళం పసుపుపచ్చని ఖనిజం, హిరణ్యం బంగారం, హరిద్ర పసుపు. పారసీకంలో అదే ధాతువు మళ్లీ జకారంతో ఉంటుంది: జర్ బంగారం, జర్ద్ పసుపు రంగు. మగ్గం మీది జరీ, పాతబస్తీ కార్ఖానాల్లో కుట్టే జర్దోజీ, దావత్‌లో వడ్డించే జర్దా మూడూ ఆ జర్, జర్ద్‌ల పిల్లలే. హరిద్ర ఉర్దూలో హల్దీ అయింది, హరితం హరా అయింది. 2015లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన మొక్కల పథకం హరితహారంలోనూ అదే మాట. రష్యా గడ్డిమైదానాల జెల్యోనీకి, చార్మినార్ దగ్గర చీర అంచు జరీకి మూలం ఒకటే.

ద్రావిడ *పచ్

మన వైపు ఆధారగ్రంథం బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు. ఆక్స్‌ఫర్డ్‌లోని థామస్ బరో, బర్క్‌లీలోని మరే ఎమెనో కలిసి 1961లో వేశారు, 1984లో సవరించారు. అయిదున్నర వేలకు పైగా ఆరోపాల్లో, అంటే పద్దుల్లో, సజాతీయ పదాలను వరసగా పేర్చారు కానీ మూలరూపాలు ఇవ్వలేదు. తొందరపడి నక్షత్రాలు పెట్టడం వారికి ఇష్టం లేదు. ఆ పని కృష్ణమూర్తి వంటి వారు తర్వాత చేశారు. ‘ఆకుపచ్చ, పసుపు’ అర్థాలతో *పచ్ అనే ధాతువు అలా వచ్చింది.

ధ్వనుల విషయంలో పెద్ద వివాదం లేదు. మధ్యలో ఒంటరిగా ఉన్న చకారం తెలుగులో సకారమైంది: పసి, పసరు, పసిమి, పసుపు, పసిడి, పసిరిక పాము. ద్విత్వమైన చోట చకారంగానే నిలిచింది: పచ్చ, పచ్చి, పచ్చిక. కొన్నింటిలో యకారమై ముందున్న అకారంతో కలిసి ఐకారమైంది: పసిడికి పైడి. పైరునూ ఈ వరసలోనే చూస్తారు. ఉత్తరాంధ్రలో ఈ పైడికి గుడి కూడా ఉంది, విజయనగరం పైడితల్లి. ఆమె పేరు మీద ఇంటింటా పైడయ్యలు, పైడిరాజులు.

తమిళంలో కూడా ఇవే మూడు దారులు: పసు, పచ్చై, పై. మలయాళంలో పచ్చ. అక్కడ కథకళిలో ధీరోదాత్త పాత్రలకు ముఖాన పూసే ఆకుపచ్చ రంగును బట్టి ఆ వేషానికే పచ్చ అని పేరు. కన్నడంలో మాట మొదటి పకారం మధ్యయుగంలో హకారంగా మారింది కాబట్టి పాత కన్నడ పసుర్ నేటి హసిరు, పసి నేటి హసి. పసిబిడ్డ హసుళె. వింటే హసిరుకూ పచ్చకూ పోలిక లేదు. నియమం తెలిస్తే సందేహం లేదు.

అర్థాల దగ్గరికి వస్తే ఇళ్లు విడిపోతాయి. తమిళం, మలయాళం, కన్నడం ఈ ధాతువును ఆకు రంగుకు అప్పగించి, పసుపు రంగుకు వేరే మాట చూసుకున్నాయి. తమిళానికి మంజళ్, మలయాళానికి మంఞ, కన్నడానికి హళది. ఈ హళది హల్దీ చుట్టమే. రోజువారీ మాటగా రెండు రంగులనూ పచ్చలోనే ఉంచుకున్నది తెలుగు. అవసరమైన చోట ఆకుపచ్చ, పసుపుపచ్చ, చిలకపచ్చ అని ముందొక మాట తగిలిస్తాం.

మరి పసుపు అర్థం తెలుగువారు తర్వాత చేర్చుకున్నదా, మూలం నుంచీ ఉన్నదా? పాత తమిళం దీనికి గట్టి సాక్ష్యం ఇస్తుంది. సంగమ కవిత్వంలో విరహిణి మేను పాలిపోతుంది. ఆ పాలిన వన్నెకు పేరు పసలై. దాన్ని బంగారంతో, పసుపుపచ్చని బీరపువ్వుతో పోలుస్తారు. తిరుక్కురళ్ 119వ అధ్యాయం మొత్తం ఈ పసప్పు మీదే. మేలిమి బంగారం పసుంపొన్. అంటే రెండువేల ఏళ్ల నాటి తమిళంలోనూ ఈ ధాతువుకు పసుపు వన్నె ఉంది. తర్వాత తమిళం దాన్ని మంజళ్‌కు వదిలేసింది, తెలుగు నిలుపుకుంది. తమిళానికి పాత గ్రంథాలున్నాయి కాబట్టి ప్రతి విషయంలోనూ తమిళమే మూలానికి దగ్గర అనుకునే అలవాటు మన పండితుల్లో ఉంది. ఈ ఒక్క విషయంలో మూలానికి దగ్గరగా ఉన్నది వీధిలో మాట్లాడే తెలుగు.

వరసలో చేరని పోలికలు

ఇలాంటి అన్వేషణలో చేర్చుకోవడం కన్నా తీసేయడం కష్టం. పసుల కాపరిలోని పసులు పసిపాపకు చుట్టాలు కావు. అవి సంస్కృత పశువు నుంచి వచ్చాయి. పచ్చగడ్డి మేస్తాయి కాబట్టి పసులు అనే వివరణ వినడానికి బాగుంటుంది, నిలవదు. తమిళంలో ఆకలిని పసి అంటారు, కన్నడంలో హసివు. ఇది ద్రావిడమే అయినా వేరే ధాతువు, నిఘంటువులో వేరే ఆరోపం. పచ్చి కడుపు, ఖాళీ కడుపు అని ఇక్కడ వంతెన కట్టడం సులువు. నాలుగు భాషల్లో రూపాలను వరసగా పెట్టి చూస్తే ఆ వంతెన నిలబడదు.

రెండు కుటుంబాల మధ్య వంతెనలు ఇంకా ప్రమాదం. పచ్చ నుంచి పసుపు, పసిడి వచ్చినట్టే హరి నుంచి హరిద్ర, హిరణ్యం వచ్చాయి. ఇంత చక్కని సమాంతరం కనబడగానే ఇద్దరూ ఒక తల్లి పిల్లలనో, ఒకరి నుంచి ఒకరు అరువు తెచ్చుకున్నారనో అనిపిస్తుంది. ధ్వనులు దేనికీ ఒప్పుకోవు. పకార చకారాల ధాతువు ఒకటి, హకార రేఫల ధాతువు ఒకటి. రెండింటి అర్థాలు మాత్రం ఒకే దారిన నడిచాయి. మనుషులు అవే మొక్కలను, అదే దుంపను, అదే లోహాన్ని చూశారు కాబట్టి నడిచాయి. ఉప్పుగూడ గల్లీలో ఒక ఇంట్లో పసుపు అన్నా, పక్కింట్లో హల్దీ అన్నా, ఆ రెండు పేర్లు పెట్టినవారికి ఒకే ఊహ తట్టింది.

అసలు విశేషణం ఉందా?

స్లావ్ భాషల్లో విశేషణం ఉందా అని అడిగేవారు లేరు. *జెలెను లింగాన్ని బట్టి, వచనాన్ని బట్టి, విభక్తిని బట్టి రూపం మార్చుకుంటుంది. ద్రావిడంలో అలా కాదు. పచ్చ చీర, పచ్చ చీరలు, పచ్చ చీరతో: పచ్చ కదలదు. 1856లో ద్రావిడ భాషల తులనాత్మక వ్యాకరణం రాసిన రాబర్ట్ కాల్డ్వెల్ ఈ భాషల్లోని విశేషణాలు నిజానికి గుణాన్ని చెప్పే నామవాచకాలేనని తేల్చాడు. మరకతమనే అర్థంలో పచ్చ నామవాచకమే కదా అంటే ఆ వాదానికి బలం ఉన్నట్టే కనిపిస్తుంది.

తర్వాతి తరం దీన్ని అంగీకరించలేదు. కృష్ణమూర్తి 2003లో కేంబ్రిడ్జ్ ప్రచురించిన తన బృహద్గ్రంథంలో విశేషణాలకు చోటిచ్చి, మూలభాషకు పునర్నిర్మించదగిన విశేషణ ధాతువులు ఉన్నాయని చూపారు. తెలుపు, నలుపు, ఎరుపు, పచ్చ అర్థాలిచ్చే నాలుగు రంగుమాటలు వాటిలో ఉన్నాయి. వీటి గుర్తు ఏమిటంటే, ఇవి నామవాచకం ముందు నేరుగా అతుక్కుంటాయి, వాటికవిగా విభక్తి తీసుకోవు. పసిపాపలో పసి ఉంది. పసికి, పసితో అని ఎవరూ అనరు. పచ్చని, పచ్చటి అనే రూపాలు, వాటికి సర్వనామం చేర్చిన పచ్చనిది, పచ్చనివాడు తర్వాత పెరిగిన కొమ్మలు.

సరిగ్గా ఇక్కడ ఆది స్లావిక్‌లోనూ ఒక పోలిక ఉంది. పొట్టి విశేషణానికి సర్వనామం తగిలించి పొడుగు రూపం కట్టుకునేవారు. నేటి రష్యన్ జెల్యోనీ, చెక్ జెలెనీల చివర వినబడే ఈకారం ఆ సర్వనామపు మిగులే. ఈ రెండు లోకాలనూ లోపలి నుంచి ఎరిగిన పండితులున్నారు. చెక్ మాతృభాషగా గల కామిల్ జ్వెలెబిల్ 1970లో తులనాత్మక ద్రావిడ ధ్వనిశాస్త్రం రాశాడు. రష్యన్ పండితుడు మిఖాయిల్ ఆంద్రోనోవ్ ద్రావిడ భాషలకు తులనాత్మక వ్యాకరణమే రాశాడు.

రంగా, స్థితా?

ఇక అసలు ప్రశ్న. నిఘంటువులు *పచ్ ఎదుట ‘ఆకుపచ్చ, పసుపు’ అని రంగులు రాస్తాయి. అక్కడి నుంచి పచ్చికాయ, దాని నుంచి పచ్చిదనం, లేతదనం అని అర్థం పాకిందనుకోవడం ఒక దారి. ముందు తడి ఆరని, ప్రాణమున్న, నిప్పు తగలని స్థితికి పేరుగా ఉండి, తర్వాత ఆ స్థితి కంటికి కనిపించే రంగుకు పేరైందనుకోవడం రెండో దారి.

తేల్చడానికి స్లావ్ తోడు పనికొస్తుంది. *జెలెను రంగుమాట అనడంలో అనుమానం లేదు. అది కూడా లేతదనం వైపు నడిచింది. అనుభవం లేని కుర్రవాణ్ణి రష్యన్‌లో జెల్యోనీ అంటారు, పండని కాయనూ అంటారు. అయితే అక్కడితో ఆగింది. కాచని పాలను, ఉడకని మాంసాన్ని, తడి మట్టిని ఆ మాటతో చెప్పరు. వాటికి *సిరు నుంచి వచ్చిన సిరొయ్ అనే వేరే విశేషణం ఉంది. ఒకే మాటకు పచ్చి, చెమ్మ అనే రెండర్థాలు. రంగుతో మొదలైన మాట కాయ దాకా వెళ్లగలదు, పాల దాకా వెళ్లలేకపోయింది. పాలలో ఆకుపచ్చ ఎక్కడుంది?

మన *పచ్ ఆ గీత దాటింది, అదీ అన్ని ఇళ్లలో. తమిళంలో కాచని నీళ్లు పచ్చైత్తణ్ణీర్, మలయాళంలో పచ్చవెళ్ళం. కన్నడంలో హసి అంటే ప్రధానార్థం పచ్చిదనే. మన దగ్గర పచ్చి ఇటుక, పచ్చి గోడ, పచ్చి పుండు, పచ్చి బాలింత. వీటిలో ఒక్కటీ ఆకుపచ్చ కాదు, పసుపూ కాదు. అబద్ధం కూడా అన్ని ఇళ్లలో పచ్చిదే: తెలుగులో పచ్చి అబద్ధం, కన్నడంలో హసి సుళ్ళు, తమిళంలో పచ్చైప్పొయ్, మలయాళంలో పచ్చక్కళ్ళం. ఇరుగుపొరుగు భాషలు నుడికారాలు పంచుకుంటాయి కాబట్టి ఈ అబద్ధాన్ని మూలభాష దాకా తీసుకెళ్లడం సాహసం. ఇటుక, పాలు, నీళ్ల సాక్ష్యం అలా కొట్టిపారేసేది కాదు.

ఆషాఢం చివరి ఆదివారం లాల్‌దర్వాజా, ఉప్పుగూడ వైపు జరిగే బోనాల్లో ఈ అర్థాలన్నీ ఒకేచోట కనిపిస్తాయి. బోనం కుండకు రాసేది పసుపు. కట్టేది పచ్చని వేపరెమ్మ. రంగం చెప్పే ఆడమనిషి ఎక్కి నిలబడేది కాల్చని పచ్చికుండ. ఒకటి పసుపు రంగు, ఒకటి ఆకు రంగు, ఒకదానికి మట్టి రంగు తప్ప మరే రంగూ లేదు. మూడింటినీ కలిపే అర్థం తాజాదనం ఒక్కటే. నిండు నూరేళ్లు పచ్చగా ఉండమని దీవించినప్పుడు కూడా మనం ఏ రంగునూ కోరడం లేదు.

ఈ పక్షానికి బయటి ఆసరా కూడా ఉంది. లిథువేనియన్‌లో *జెలెను ధాతువు నుంచి ఝెల్తి అనే క్రియ ఉంది, అర్థం మొలకెత్తి పెరగడం. ఇంగ్లీషులో గ్రీన్, గ్రో, గ్రాస్ మూడూ ఒకే ధాతువు పిల్లలు. మొక్క ఎదుగుదల నుంచి రంగుమాట పుట్టడం అరుదైన సంగతి కాదు. ఈ లెక్కన చూస్తే *జెలెను కూడా ఇంకా లోతుకు వెళ్తే స్థితి నుంచే రంగుకు వచ్చింది. కాకపోతే ఆది స్లావిక్ నాటికి ఆ పాత అర్థం మరుగునపడింది. ద్రావిడంలో ఇంకా నోట నానుతోంది.

స్థితి వాదానికి బలహీనమైన చోటు పసుపు, పసిడి. పచ్చిదనం నుంచి నేరుగా బంగారానికి దారి లేదు, మధ్యలో రంగు రావాల్సిందే. లేత చిగురు పసుపు కలిసిన ఆకుపచ్చ కాబట్టి అక్కడి నుంచి రెండు వన్నెలూ చీలి ఉండవచ్చు. 1969లో బెర్లిన్, కే అనే పండితులు భాషల్లో రంగుమాటల క్రమాన్ని ప్రతిపాదించినప్పుడు నలుపు, తెలుపు, ఎరుపుల తర్వాత ఆకుపచ్చో పసుపో వస్తుందన్నారు. ఆకుపచ్చను పసుపుతో కలిపి ఉంచే భాషలు తక్కువ. నీలంతో కలిపి ఉంచేవే ఎక్కువ. పచ్చ ఈ అరుదైన గుంపులో చేరడానికి కారణం దాని మూలం చిగురు కావడమే అనుకుంటే కథ కుదురుతుంది.

మూడు పోయాయి, ఒకటి మిగిలింది

స్థితి వాదం మరో పొడుపునూ విప్పుతుంది. మూలభాషకు కట్టిన నాలుగు రంగుమాటల్లో తమిళం, కన్నడం నాలుగింటినీ వాడుకలో ఉంచాయి: తమిళంలో వెళ్ళై, కరుప్పు, సివప్పు, పచ్చై. కన్నడంలో బిళి, కరి, కెంపు, హసిరు. తెలుగు మూడింటిని గద్దె దింపింది. *వెళ్ స్థానంలో తెల్ల వచ్చింది. తెలివి, తేటలకు చుట్టమైన ఈ మాటకు మొదటి అర్థం స్పష్టమని. పాత వెళ్ వెండి, వెన్న, వెన్నెల, వెల్లుల్లిలో దాక్కుంది. *కార్ స్థానంలో నల్ల కూర్చుంది. దాని తమిళ చుట్టం నళ్ అంటే రాత్రి. పాత కార్ కారుచీకటికి, కారుమబ్బుకు పరిమితమైంది. *కెం స్థానాన్ని ఎర్ర తీసుకుంది. పాతది చెంగల్వ, చెంగావిల్లో మిగిలింది.

పచ్చను మాత్రం ఎవరూ కదపలేకపోయారు. మిగతా మూడూ రంగుకే పేర్లు. అంతకంటే మెరిసే మాట వస్తే చోటివ్వాల్సిందే. పచ్చ వంటింట్లో, పొలంలో, పురిటింట్లో, కుమ్మరి వామి దగ్గర పనిచేస్తోంది. ఒకచోట నుంచి తీస్తే మిగతా చోట్ల వేళ్లు పట్టుకుంటాయి. అర్థాల విస్తృతి వల్లే ఇది బతికిందనేది నా అభిప్రాయం. దీనికి విరుద్ధమైన సాక్ష్యం ఇంతవరకు నా కంటపడలేదు.

తేలిందేమిటి

రూపం విషయంలో ఇరువైపులా పునాది గట్టిది. *జెలెను మీద సందేహం లేదు, *పచ్ మీద కూడా లేదు. కాలం విషయంలో రెండూ సమానం కావు. ఆది స్లావిక్ చీలి పదిహేను వందల ఏళ్లు కాలేదు. ద్రావిడ కుటుంబం వయసు దాదాపు 4,500 ఏళ్లని 2018లో ఇరవై భాషల పదజాలం మీద జరిగిన ఒక గణన తేల్చింది. మనకు దొరికిన తొలి తెలుగు శాసనాలు 6వ శతాబ్దంవి. ఇంత ఎడం మీద కట్టిన రూపాన్ని నమ్మవచ్చు, దాని పక్కన రాసిన అర్థాన్ని అంత తేలిగ్గా నమ్మకూడదు. ధ్వనులకు నియమాలున్నాయి, అర్థాలకు అలవాట్లే ఉన్నాయి. *పచ్ ఎదుట ‘ఆకుపచ్చ, పసుపు’ అని మాత్రమే రాయడం సగం చెప్పినట్టు. ‘పచ్చి, లేత, తాజా’ అని ముందు రాసి, రంగులు తర్వాత రాయాలి.

అది జరగాలంటే వాడుక కావాలి, గ్రంథాల్లోదే సరిపోదు. కుమ్మరి పచ్చికుండ అన్నప్పుడు, మంత్రసాని పచ్చి బాలింత అన్నప్పుడు, కొలామీ ఆడబిడ్డ ఉప్పును సుప్ అన్నప్పుడు ఆ మాటలు సాక్ష్యాలవుతాయి. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ కోసం కృష్ణమూర్తి 1962లో వ్యవసాయం మీద, 1971లో చేనేత మీద మాండలిక వృత్తిపదకోశాలు తెచ్చింది ఈ ఎరుకతోనే. మీ ఇంట్లో పెద్దవాళ్లు పచ్చ, పచ్చి, పసి అని దేనిదేని ముందు చేర్చి అంటారో, ఊరి పేరుతో సహా రాసిపెట్టండి. నిఘంటువుకు ఇప్పుడు కావలసింది అదే.